పేర్లు చెప్పని ఊరు

అతను మొదటిసారి కనిపించినప్పుడు ఇల్లు లేని పొగగొట్టానికి ఫోటో తీస్తున్నాడు. ఆ ఇల్లు నేను పుట్టకముందే కాలిపోయింది. ఇటుకల పొగగొట్టం ఒక్కటే బీడు మధ్యలో నిలబడి ఉంటుంది. మా రోడ్డు మీద వెళ్ళేవాళ్ళెవరూ దానివైపు తల కూడా తిప్పరు.

మేం రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనగకాయలు అమ్ముతాం. అమ్మమ్మ కుర్చీలో కూర్చుని గరిటెతో డేగిసా కలుపుతోంది. కలుపుతూనే అతన్ని కనిపెడుతోంది.

"ఇల్లు కొనేవాడు ఇల్లు చూస్తాడు. పొలం కొనేవాడు మట్టి చూస్తాడు. పొగగొట్టం చూసేవాడికి ఏం కావాలే, వీనీ?"

"ఏమో అమ్మమ్మా."

"అదే నా భయం. ఏం కావాలో తెలిసిన దొంగ నయం."

అతను తెల్లాయన, నడివయసు. చొక్కా నీటుగా ఇస్త్రీ చేసి ఉంది. మా ప్లమ్మర్ కౌంటీలో ఆదివారం కాని రోజున ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాళ్ళని మా అమ్మమ్మ వెర్డీ గేథర్స్ నమ్మదు. అందుకు ఆమెకి కారణం ఉంది.

ఆ కారణం ఎజ్రా తాత చెరువు పొలం. ఆ పొలానికి వీలునామా లేదు. మా నల్లవాళ్ళ పొలాల్లో చాలావాటికి ఉండదు. తాత పోతే పిల్లలందరిదీ, వాళ్ళు పోతే వాళ్ళ పిల్లలందరిదీ అవుతుంది. ఒకసారి ఇలాంటి చొక్కావాడే వచ్చి ఎజ్రా తాత వరండాలో కూర్చుని అలసందల కూర తిని, "పెద్దాయనా, మీది పెద్ద వంశమట కదా" అన్నాడు. ఆ మాటకి తాత పొంగిపోయి తన తాత పిల్లలు, వాళ్ళ పిల్లలు, ఎవరెవరు ఏ ఊళ్ళో ఉన్నారో పాట పాడినట్టు చెప్పేశాడు. చొక్కావాడు వెళ్ళి డెట్రాయిట్‌లో ఉన్న ఒక మనవడిని పట్టుకున్నాడు. ఈ పొలం మొహం కూడా ఎరగని ఆ మనవడి వాటా కొని, కోర్టుకెళ్ళి మొత్తం పొలం అమ్మించాడు. వాటా ఉన్నవాడు ఒక్కడు అడిగినా కోర్టు అలా అమ్మించగలదట. ఇప్పుడు ఆ చెరువు చుట్టూ కంచె ఉంది.

అప్పటినుంచి మా ఊళ్ళో కొత్తవాళ్ళకి ఎవరూ పేర్లు చెప్పరు. బతికున్నవాళ్ళవీ చెప్పరు, పోయినవాళ్ళవీ చెప్పరు. "మీ నాన్న ఎవరమ్మా?" అని అడిగితే మా పిల్లలు "ఇంట్లో లేడండీ" అంటారు.

ఆ వేసవిలో భయపడటానికి మాకు ఇంకో సంగతి కూడా ఉంది. కౌంటీ వాళ్ళు రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. రోడ్డు కోసం కొట్టేసే చెట్లకి నారింజరంగు రిబ్బన్లు కట్టుకుంటూ వచ్చారు. ఆ రిబ్బన్లు మావైపే వచ్చి న్యూ బేతేలు చర్చి వెనక ఉన్న దేవదారు చెట్ల దగ్గర ఆగాయి. ఆ చెట్ల కింద మా వాళ్ళ సమాధులున్నాయి. రోడ్డుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మా అమ్మ ఎర్లీన్‌ది. రోడ్డు అటు జరిగితే ఆమె మీద తారు పోస్తారు. నేను రాత్రి పడుకున్నా, పొద్దున లేచినా ముందు గుర్తొచ్చేది అదే.

పొగగొట్టం ఆయన కాసేపటికి మా దగ్గరికొచ్చాడు. అప్పుడే అమ్మమ్మ నీళ్ళ కోసం లోపలికెళ్ళింది. నాకు కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే గొంతు పట్టేస్తుంది. స్కూల్లో టీచరు లేపితే తెలిసిన జవాబు కూడా చెప్పలేను.

"అమ్మాయ్, న్యూ బేతేలు వాళ్ళ పాత సమాధుల నేల ఎటు?"

ఆ మాటతో నా గొంతు దానంతటదే తెరుచుకుంది.

"ఇలాగే తిన్నగా వెళ్ళండి. పెరీ గారి పత్తి మిల్లు ఉండే చోట ఎడమకి తిరగండి. తర్వాత మిస్ ఆడీ కొట్టు కాలిన చోట కుడికి."

"మిల్లు కనిపిస్తుందా?"

"లేదండీ. పడగొట్టేశారు."

"మరి ఆ కొట్టు?"

"కాలిందని చెప్పాను కదండీ."

అతను నవ్వాడు. మేం దారి ఎప్పుడూ అలాగే చెప్పుకుంటాం, ఇప్పుడు లేనివాటిని పట్టుకుని. కానీ నేను చెప్పిన దారి సమాధులకి పోదు. నదిలోకి పోతుంది. అతను కాయల పొట్లం ఒకటి కొనుక్కుని నేను చెప్పినవైపే వెళ్ళాడు.

అమ్మమ్మ విని తొడ చరిచింది. "నోట్లో నాలుక లేదనుకున్నాను. ఉందే దీనికి!"

రెండు రోజులకి మా రూబెన్ మామయ్య రొప్పుతూ వచ్చాడు. ఆయన అమ్మకి అన్న. మా ఇంట్లో చిన్న విషయాన్ని పెద్దది చేసే పని ఆయనది.

"అమ్మా, వాడు దేవదారుల దగ్గరున్నాడు! చేతిలో ఇనప ఊచ. నేలలో గుచ్చుతున్నాడు!"

"గుచ్చుతున్నాడా? ఎక్కడ?"

"మన వాళ్ళ మధ్యలో. 'ఏం వెతుకుతున్నావయ్యా' అన్నాను. 'నేల ఎక్కడ మెత్తగా ఉందో చూస్తున్నాను' అన్నాడు. మెత్తటి నేల కావాలంటే మీ అమ్మగారి పెరట్లో తవ్వుకో అని తరిమేశాను."

"తరిమావు సరే. మళ్ళీ వస్తే?"

"అదే చెప్తున్నా. టౌన్లో పాత సామాన్ల కొట్లో నిన్న ఏం చూశానో తెలుసా? గవ్వలు అతికించిన జాడీ. అడుక్కి చిల్లు ఉంది. అది ఎవరింటి అటక మీదదీ కాదమ్మా. ఎవరి సమాధి మీదదో."

అమ్మమ్మ మొహం వాడిపోయింది. మా వాళ్ళ సమాధుల మీద రాళ్ళుండవు. పోయినవాళ్ళు చివరిగా వాడిన గిన్నో, కప్పో, దీపమో పెడతాం. పెట్టేముందు దానికి చిల్లు కొడతాం, లేకపోతే చావు అదే ఇంట్లోంచి ఇంకొకర్ని తీసుకుపోతుందట. చుట్టూ తెల్ల గవ్వలు పేరుస్తాం. మా అమ్మ మీద నీలం కూజా ఉంటుంది. ఆదివారాలు చల్లటి టీ అందులోంచే పోసేది. అక్కడి గుండుసూది కూడా ఎవరూ ఇంటికి తేకూడదు. తెస్తే పోయినవాళ్ళు దాన్ని వెతుక్కుంటూ వస్తారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. మామయ్య లేచి నిలబడ్డాడు.

"అన్నీ తీసి దాచేద్దాం. వాడు పోయేదాకా."

పాస్టర్ డాకిన్స్ తల అడ్డంగా ఊపాడు. "పోయినవాళ్ళ వస్తువులు ముట్టుకోకూడదు బ్రదర్ రూబెన్. అది మీకు నేను చెప్పాలా?"

"మనం ముట్టుకోకపోతే వాడు ముట్టుకుంటాడు పాస్టర్ గారూ. ఎవరి చెయ్యి నయం?"

అందరూ అమ్మమ్మ వైపు చూశారు. ఆమె చాలాసేపు చేతి విసనకర్రతో విసురుకుంది.

"అడిగి తీద్దాం," అంది చివరికి. "ఒక్కొక్కళ్ళనీ అడిగి. వాడి పీడ వదలగానే మళ్ళీ పెట్టేద్దాం."

ఎండలో అందరం దేవదారుల కిందికి వెళ్ళాం. ఆడవాళ్ళు ఒక్కో సమాధి దగ్గర వంగి పేరు పెట్టి పిలిచి, ఎందుకు తీస్తున్నారో చెప్పి తీశారు. అమ్మమ్మ మా అమ్మ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఎర్లీన్, కొన్నాళ్ళే తల్లీ. కోప్పడకు. దీనికోసం ఇంటికి రాకు."

కూజా పైకి లేచింది. కింద గుండ్రంగా పాలిపోయిన గడ్డి మిగిలింది. అమ్మ మీంచి ఎవరో దుప్పటి లాగేసినట్టు అనిపించింది నాకు. వద్దు అందామనుకున్నాను. నోరు రాలేదు. గవ్వలు ఏరి గౌను ఒళ్ళో పోసుకున్నాను. సామానంతా రేకు తొట్లలో సర్ది చర్చి అరుగు కిందికి తోసి, పైన గోనెపట్టాలు కప్పారు.

ఇనప ఊచవాడు ఆ వారం రాలేదు. రోడ్డు వాళ్ళు వచ్చారు.

ఇద్దరు. ఒకడు పళ్ళపుల్ల నములుతున్నాడు. దారిలో సమాధులేమైనా ఉన్నాయేమో చూసి చెప్పమని వాళ్ళని పంపారట. దేవదారుల కింద అటూ ఇటూ నడిచారు. అక్కడ చెట్లున్నాయి, గడ్డి ఉంది, ఇంకేం లేదు. మామయ్య పరిగెత్తుకెళ్ళాడు. వెనకాల నేనూ అమ్మమ్మా.

"అయ్యా, మీరు నిలబడింది మా వాళ్ళ మీద!"

పళ్ళపుల్ల ఆయన కంగారుగా కిందికి చూసి పక్కకి జరిగాడు. "ఎక్కడ? రాయి ఏది?"

"మేం రాళ్ళు పెట్టం."

"మరేం పెడతారు?"

మామయ్య చర్చి వైపు చూశాడు. పెట్టినవి తీసేశాం అని ఎలా చెప్పాలి? చివరికి చర్చి దగ్గరికి వెళ్ళి తొట్టి ఒకటి ఈడ్చుకొచ్చాడు.

"ఇవిగో. ఇవన్నీ ఇక్కడివే."

ఆయన తొట్టిలోకి తొంగిచూశాడు. "ఇవి గిన్నెలు."

"సమాధుల మీది గిన్నెలు."

"తొట్లో ఉన్నాయి కదండీ."

"మేమే తీశాం!"

"ఎందుకు?"

"దొంగలెత్తుకుపోతారని."

రెండో ఆయన నవ్వు ఆపుకోవడానికి రోడ్డు వైపు తిరిగాడు. పళ్ళపుల్ల ఆయన మాత్రం మర్యాదగానే అన్నాడు: "చూడండి, నేను చూసిందే చెప్పాలి. చెట్లు చూశాను. గడ్డి చూశాను. మీకు అభ్యంతరముంటే వచ్చే శుక్రవారం కోర్టు హౌసులో విచారణ ఉంది, వచ్చి చెప్పుకోండి."

వాళ్ళ బండి వెళ్ళిపోయింది. అమ్మమ్మ కొడుకుని చూసి, "దొంగ రాకముందే ఇల్లు ఖాళీ చేశాం కదరా," అంది.

మర్నాడు అన్నీ తిరిగి పెట్టడం మొదలుపెట్టాం. అక్కడే గొడవ వచ్చింది.

"ఈ గడియారం బ్రదర్ హోసియాది."

"కాదు, ఆయన పెళ్ళానిది. ఆయనకి టైము చూడ్డమే రాదు, గడియారమెందుకు?"

"ఈ దీపం బుడ్డి మా పిన్నిది."

"మీ పిన్నిదైతే పొద్దున్నే తుడిచి ఉండేది. మసి చూడు!"

నవ్వులు, ఏడుపులు కలిసిపోయాయి. నీలం కూజా చోటు నాకు తెలుసు. పాలిపోయిన గడ్డి మీద సరిగ్గా పెట్టాను. నేను లేచేసరికి రోడ్డు మీద కౌంటీ బండి నెమ్మదించింది. పళ్ళపుల్ల ఆయనే కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నిన్న లేవు కదా! రాత్రికి రాత్రే మొలిచాయా?"

మామయ్య నోరు తెరిచేలోపే బండి వెళ్ళిపోయింది. వాళ్ళ చూపు నాకు బాగా తెలుసు. ఇస్త్రీ చొక్కావాళ్ళని మేం చూసే చూపే అది. ఈసారి అది మామీదికి తిరిగింది.

శుక్రవారం దగ్గరపడుతుండగా అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి మా ఇంటికే. బండి దిగి, మేం పిలిచేదాకా వరండా మెట్ల కిందే టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. తన పేరు హాలిస్ టర్నేజ్ అన్నాడు. కాలేజీలో చరిత్ర చెప్తాడట. రోడ్ల పక్కన ఉన్న పాత ఆనవాళ్ళు పోకుండా ఎక్కడేముందో పోగేస్తున్నాడట.

"రోడ్డు పని మొదలయ్యేలోపు ఇక్కడి సమాధులు ఎన్నో ఎక్కడో తేల్చి కౌంటీకి చెప్పాలని తిరిగానండీ. ఆ ఊచ దానికే. తవ్వి పూడ్చిన నేల ఎన్నేళ్ళైనా మెత్తగానే ఉంటుంది."

"ఆ మాట మొదటి రోజే అడిగి చావొచ్చుగా!" అన్నాడు మామయ్య.

"అడిగానండీ. ఈ అమ్మాయి నన్ను నదికి పంపింది."

అమ్మమ్మ నవ్వలేదు. నేను గడపలోకి తప్పుకున్నాను.

"ఇప్పుడేం కావాలి బాబూ?" అంది.

"ఊచ దింపి చూపిస్తాను. కానీ నేల ఒక్కటే చాలదండీ. ఇక్కడ ఉన్నది ఎవరు, వాళ్ళకి ఏమవుతామని చెప్పేవాళ్ళు ఎవరు, అది కూడా కావాలి. పేర్లు. సంతకాలు."

మామయ్య చప్పట్లు కొట్టాడు. "వచ్చిందమ్మా! వచ్చింది! అనుకుంటూనే ఉన్నా, అసలు మాట ఎప్పుడొస్తుందా అని!"

అమ్మమ్మ దోమతెర తలుపు మూయబోయింది. తలుపు సగంలో ఉండగా నాకు ఆ పాలిపోయిన గడ్డి కనిపించినట్టైంది. దాని మీద తారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"చూడనీ అమ్మమ్మా. ఊచ దింపి చూడనీ."

ఆమె నన్నూ అతన్నీ మార్చి మార్చి చూసింది. మెట్లు దిగి చెయ్యి చాపింది.

"నీ బండి తాళాలు ఇటివ్వు. మా వాళ్ళ మధ్య తిరిగినంతసేపూ నా దగ్గరుంటాయి."

అతను వెంటనే తీసి ఇచ్చాడు. ఆమె వాటిని గౌను జేబులో వేసుకుని గుండుసూది పెట్టింది.

దేవదారుల కింద అతను రోడ్డుకి దూరంగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టాడు. ఊచ కొన్నిచోట్ల ఠక్కున ఆగేది. కొన్నిచోట్ల నూనెలో గరిటెలా దిగేది. దిగిన చోటల్లా చిన్న జెండా గుచ్చాడు. అమ్మమ్మ ప్రతి జెండా దగ్గరా ఆగి పెదాలు కదిపింది, పేరు మాత్రం బయటికి రానివ్వలేదు. మామయ్య అతని నీడ మీద అడుగేస్తూ వెంట తిరిగాడు. చివరికి నీలం కూజా దగ్గరికి వచ్చాం.

"పక్కనుంచి," అంది అమ్మమ్మ గట్టిగా. "తల పడమటికి. కాళ్ళు తూర్పుకి. మీద నుంచి వద్దు."

అతను పక్కకి వచ్చి మోకాలి మీద కూర్చుని నెమ్మదిగా దించాడు. ఊచ చప్పుడు లేకుండా దిగింది. అతను లేచి టోపీ తీశాడు.

"ఈమెకి ఎవరున్నారు?"

"చూశావా అమ్మా? అడిగేశాడు," అన్నాడు మామయ్య. "ఎజ్రా తాతనీ ఇలాగే అడిగారు. ఎవరున్నారు, ఎక్కడున్నారు. పద ఇంటికి."

అమ్మమ్మ కదల్లేదు. దేవదారు కొమ్మలు గాలికి ఊగుతున్నాయి, రోడ్డు మీద కలప లారీ ఒకటి వెళ్ళింది. ఇప్పుడు నేను అనకపోతే ఎవరూ అనరని అర్థమైంది.

"నేనున్నాను," అన్నాను. "ఈమె ఎర్లీన్ గేథర్స్. నేను ఈమె కూతుర్ని. లవీనియా. రాసుకోండి."

"వీనీ! నోరు ముయ్! రేపు ఆ పేరు పట్టుకుని ఎవడొస్తాడో నీకు తెలుసా?"

"నా పేరు మీద ఏముంది మామయ్యా, పట్టుకుపోవడానికి? ఈ నేలలో నాకున్నది అమ్మొక్కతే."

మామయ్య మొహం తిప్పుకున్నాడు. హాలిస్ గారు మెల్లగా, చెప్పడం ఇష్టం లేనట్టు అన్నాడు: "అమ్మాయ్, నువ్వు చిన్నదానివి. నీ మాట ఒక్కటీ కోర్టులో చెల్లదు. పెద్దవాళ్ళు ఒకరు కావాలి."

నేను అమ్మమ్మ వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుంది. కూజా వైపు చూస్తూ నిలబడ్డాను. పక్కనుంచి ఆమె గొంతు వినిపించింది.

"వెర్డీ మే గేథర్స్. దీనికి అమ్మమ్మని. దానికి తల్లిని." అతని చేతిలో కాగితం వైపు చూసింది. "ఊఁ, రాశావా? చదువు, వింటాను."

అతను చదివాడు.

"ఇంకోసారి చదువు."

అతను మళ్ళీ చదివాడు. అమ్మమ్మ నా భుజం మీద చెయ్యి వేసి పక్క జెండా దగ్గరికి నడిపించింది. "ఇది హోసియా. మా చిన్నాన్న కొడుకు. రూబెన్, నువ్వు చెప్పు, నీకు గుర్తుందిగా." మామయ్య గొణిగి గొణిగి చెప్పాడు. మూడో జెండా దగ్గరికొచ్చేసరికి గొణగడం మానేశాడు. ఆ సాయంత్రం చర్చి వాళ్ళందరినీ పిలిపించారు. దేవదారుల కింద ఎండ పోయేదాకా పేర్లు వినిపిస్తూనే ఉన్నాయి. అమ్మమ్మ తాళాలు ఇచ్చింది చివరి జెండా అయ్యాకే.

విచారణలో ఏం జరిగిందో నాకు సగమే అర్థమైంది. పళ్ళపుల్ల ఆయన తాను చెట్లూ గడ్డీ చూశానన్నాడు. హాలిస్ గారు జెండాల పటం పరిచాడు. అమ్మమ్మని నిలబెట్టి అడిగారు. ఆమె ఒక్కో పేరూ చెప్పింది. కొన్నాళ్ళకి దేవదారుల నారింజ రిబ్బన్లు విప్పేసి, రోడ్డుకి అవతల పెరీ గారి బీడులో కంచె గుంజలకి కట్టారు.

అమ్మమ్మ కుర్చీలో కూర్చుని ఆ రిబ్బన్లని చాలాసేపు చూసింది.

"ఇంత తేలిగ్గా జరిగారా? అటువైపు ఏం కనిపెట్టారో," అంది.

హాలిస్ గారు ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తాడు. దేవదారుల దగ్గర ఇనప బోర్డు పెట్టిస్తానంటాడు. అమ్మమ్మ వద్దంటుంది, బోర్డు చూసే దొంగలొస్తారంటుంది. అతను వాదించడు. మా కాయలు తిని వెళ్తాడు.

అమ్మ తన కూజా కింద తను ఉంది. ఎండాకాలం పోయి గడ్డి మళ్ళీ పచ్చబడింది. కోర్టు హౌసులో ఏదో అల్మారాలో నా పేరుంది. రోడ్డు మీద ఏ కారైనా నెమ్మదిస్తే ఇప్పుడు నేనూ అమ్మమ్మలాగే గరిటె ఆపి, అందులోవాడు ఏ చొక్కా వేసుకున్నాడో చూస్తాను.